కొండదారి నెక్కే బండికి తగిన రేడియేటరు

రేడియో, రేడియేటరు అనే రెండు మాటలకు మూలము ఒకటే. కిరణము అని అర్థమిచ్చే లాటిన్ పదము నుంచి ఆ రెండూ పుట్టినవి. మన ఇంటిలోని రేడియో తన పేరుకు తగినదే. అంతరిక్షములో వ్యాపించి వచ్చే తరంగాలను అందుకొని మాటగా, పాటగా వినిపిస్తుంది. కాని మోటారు బండి ముందుభాగాన అమర్చిన రేడియేటరుకు ఆ పేరు అంతగా అతకదు. అది తనలోని వేడిని కిరణాల రూపములో వెదజల్లేది స్వల్పము. మిగిలిన వేడిని తనను తాకుతూ పోయే గాలికి అప్పగిస్తుంది. గాలి ఆడకపోతే ఎంత పెద్ద రేడియేటరైనా వేడినీళ్ల తొట్టి మాత్రమే. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకొంటే, శక్తిమంతమైన ఇంజను గల బండికి ఎటువంటి రేడియేటరును ఎంచుకోవలెనన్న ప్రశ్నకు సగము సమాధానము దొరికినట్లే.

ఈ ప్రశ్న మన ఉత్తర కోస్తా జిల్లాలలో పుస్తకాలకు పరిమితమైనది కాదు. విజయనగరము నుంచి గజపతినగరము, రామభద్రపురము మీదుగా సాలూరు చేరేవరకు దారి చాలవరకు చదునైనదే. సాలూరు దాటగానే తూర్పు కనుమలు ఎదురవుతాయి. సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ పోయే ఈ రహదారి పూర్వము 43వ నెంబరు జాతీయ రహదారి. ఇప్పుడు దాని నెంబరు 26. సాలూరు సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తున ఉన్నది. కొరాపుట్ ఎత్తు సుమారు 870 మీటర్లు. అంటే ఈ దారిన పోయే ప్రతి బండి, నడుమ ఉన్న ఎత్తుపల్లాలను లెక్కించకుండానే, తన బరువును, తాను మోసే సరుకు బరువును 750 మీటర్లు పైకి ఎత్తుకోవలసి ఉన్నది. 1979 వరకు శ్రీకాకుళం జిల్లాలోను, అటుపైన విజయనగరం జిల్లాలోను, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోను ఉన్న సాలూరు లారీల ఊరుగా పేరు పొందినదంటే అందుకు ఈ కొండదారి కూడా ఒక కారణము.

లారీల మాట అటుంచి, వెనుక సరుకుతొట్టి గల పాత పికప్పు బండ్ల సంగతి చూతము. జనరల్ మోటార్స్ సంస్థ 1928 నుంచి 1954 వరకు బొంబాయిలో షెవర్లే బండ్లను కూర్చి అమ్మినది. ఫోర్డు బండ్లు కూడ ఆ కాలములో మన దేశములోనే కూర్పు పొందినవి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత సైన్యము వదిలిన జీపులు, చిన్న లారీలు వేలములో ప్రజల చేతికి వచ్చినవి. వాటిలో మిగిలిన కొన్నింటిని ఇప్పటికీ ముచ్చటపడి బాగుచేయించి నడిపేవారు ఉన్నారు. పాత ఇంజను అరిగిపోయినప్పుడు దాని స్థానములో అంతకంటె బలమైన ఇంజనును దించడము పరిపాటి. ఆ మార్పును రిజిస్ట్రేషను పత్రములో నమోదు చేయించవలెనని 1988 నాటి మోటారు వాహనాల చట్టము చెబుతున్నది. చట్టము సంగతి అందరికీ గుర్తు ఉంటుంది గాని, ఇంజను మారినప్పుడు దాని వేడి కూడ మారుతుందనే సంగతి చాలమందికి మొదటిసారి కొండ ఎక్కేటప్పుడే గుర్తుకు వస్తుంది.

అప్పుడు జరిగే నష్టము చిన్నది కాదు. నీరు మరిగి ఆవిరి అయిన చోట ఇంజను ఇనుముకు చలువ అందదు. సిలిండర్ల మీది హెడ్డు వంకర పోతుంది. దానికి, దిమ్మకు నడుమ ఉండే గ్యాస్కెట్టు కాలిపోతుంది. పిస్టన్లు వేడికి ఉబ్బి సిలిండరు గోడలను పట్టుకొంటాయి. ఎన్నో నెలల కష్టము, ఎంతో డబ్బు ఒక్క మధ్యాహ్నములో పోతాయి. అంతకంటె ఘోరమైనది మరొకటి ఉన్నది. మరుగుతున్న రేడియేటరు మూత తీయబోయి ముఖము, చేతులు కాల్చుకొన్నవారు ఏ లారీల ఊరిలోనైనా కనబడతారు. కాబట్టి రేడియేటరు ఎంపికను అలంకారముగా గాక అవసరముగా చూడవలెను.

ముందుగా వేడి లెక్క చూతము. ఇంజనులో కాలిన ఇంధనము ఇచ్చే శక్తి అంతా చక్రాలకు చేరదు. స్థూలముగా దానిని మూడు వాటాలు చేయవచ్చును. ఒక వాటా చక్రాలను తిప్పుతుంది. ఒక వాటా పొగగొట్టము వెంట బయటికి పోతుంది. మూడవ వాటా ఇంజను గోడల గుండా చుట్టూ ఉన్న నీటిలోకి దిగుతుంది. కనుక పెట్రోలు ఇంజను ఎంత శక్తిని ఇస్తున్నదో, దాదాపు అంతే వేడిని నీటికి కూడ ఇస్తున్నదని లెక్కకట్టవచ్చును. డీసెలు ఇంజనులో ఈ వాటా కొంత తక్కువ. 100 అశ్వశక్తి అంటే సుమారు 75 కిలోవాట్లు. స్నానానికి నీళ్లు కాచుకొనే విద్యుత్ హీటరు ఒకటిన్నర కిలోవాట్లది అనుకొంటే, 100 అశ్వశక్తి గల ఇంజను నిండు బలముతో పనిచేసేటప్పుడు అటువంటి హీటర్లు 50 ఒక్కసారిగా నీటిలో ముంచినట్లు అవుతుంది.

అశ్వశక్తి సమానమైనా అన్ని ఇంజనులూ నీటికి ఒకే వేడి ఇవ్వవు. దీనికి ఫోర్డు సంస్థ 1932లో విడుదల చేసిన వి-8 ఇంజను మంచి ఉదాహరణము. మొదట 65 అశ్వశక్తితో వచ్చిన ఆ ఇంజను 1946 నాటికి 100 అశ్వశక్తికి చేరుకొన్నది. కాని దానిలో కాలిన పొగ బయటికి పోయే మార్గము సిలిండర్ల దిమ్మ లోపలినుంచే, నీరు తిరిగే అరల గుండా సాగుతుంది. పొగగొట్టముతో పోవలసిన వేడిలో కొంత దారిలోనే నీటికి అంటుకొంటుంది. అందుచేత ఆ ఇంజను త్వరగా వేడెక్కుతుందనే మాట లోకమంతటా వ్యాపించినది. రేడియేటరు కొనబోయేవారు ఇంజను శక్తి ఎంత అని మాత్రమే గాక, ఆ ఇంజను ఏ జాతిది అని కూడ చెప్పవలసిన కారణము ఇదే.

ఇప్పుడు ఆ లెక్కను సాలూరు కొండకు తెత్తము. సరుకుతో కలిపి 3 టన్నులు తూగే పికప్పును 750 మీటర్లు పైకి ఎత్తడానికి కావలసిన పని సుమారు 2 కోట్ల 20 లక్షల జౌళ్లు. దానికి సమానమైన వేడి నీటిలోకి దిగినదనుకొంటే, మరుగుతున్న నీటిని సుమారు 10 లీటర్లు ఆవిరి చేయడానికి ఆ వేడి చాలును. 10 టన్నుల లారీకి అయితే అది 30 లీటర్లు దాటుతుంది. ఇది ఎత్తు ఎక్కడానికి అయ్యే ఖర్చు మాత్రమే. చక్రాల రాపిడి, యంత్రాల రాపిడి దీనికి అదనము. వెనుకటి కాలములో లారీ క్లీనర్లు నీళ్ల డబ్బాలు దగ్గర ఉంచుకొనడములోని అర్థము ఈ లెక్కలో కనబడుతుంది. గాలికి అప్పగించలేని వేడిని వారు ఆవిరి రూపములో వదిలించుకొనేవారు.

అయితే నీరు ఎక్కువగా పట్టే రేడియేటరు కొంటే సరిపోతుంది కదా అని కొందరు తలుస్తారు. ఇది పొరపాటు. 15 లీటర్ల నీరు 80 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. రేడియేటరు వదిలించలేక మిగిలిపోయే వేడి 20 కిలోవాట్లు అయితే, ఆ నీటికి పట్టే సమయము ఒక్క నిమిషము. ఇంజను ఇనుము కూడ కొంత వేడిని దాచుకొంటుంది గనుక మరికొంత గడువు దొరుకుతుంది. నీటిని రెట్టింపు చేస్తే మరో నిమిషము కలిసి వస్తుంది. విజయనగరము బజారులో ఒక వంతెన ఎక్కడానికి ఆ నిమిషము చాలును. సుంకి మలుపులకు చాలదు. నీరు వేడిని మోసుకొనిపోయే కూలి వంటిది. మోసిన బరువును దించే చోటు లేకపోతే కూలీల సంఖ్య పెంచి ప్రయోజనము లేదు.

ఈ సత్యాన్ని మోటారు పరిశ్రమ తన బాల్యములోనే గ్రహించినది. జర్మనీ దేశపు ఇంజనీరు విల్‌హెల్మ్ మైబాక్ 1900 సంవత్సరములో 35 అశ్వశక్తి గల మెర్సిడెస్ కారుకు తేనెపట్టు రూపము గల రేడియేటరును తయారుచేసినాడు. 6 మిల్లీమీటర్ల చదరము గల సన్నని గొట్టాలు 8,070 దానిలో ఉన్నవి. గొట్టాల లోపల గాలి పోతుంది. వాటి సందులలో నీరు తిరుగుతుంది. గాలి తాకే ఉపరితలము విపరీతముగా పెరిగినందున, అంతకు ముందు అవసరమైన నీటిలో సగము, అంటే 9 లీటర్లతోనే పని జరిగినది. నీటిని తగ్గించి, గాలి తాకే వైశాల్యాన్ని పెంచడమే ఆయన చేసిన పని. నేటి రేడియేటర్లన్నీ ఆ బాటలోనే నడుస్తున్నవి.

గాలి పాత్ర ఇంత పెద్దది కావడానికి కారణము దాని పలుచదనమే. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కి ఎంత వేడిని మోస్తుందో, అంత వేడిని ఒక్క డిగ్రీతోనే మోయడానికి దాదాపు 3,700 లీటర్ల గాలి కావలెను. గాలి రేడియేటరు గుండా పోయేటప్పుడు 30 డిగ్రీలు వేడెక్కుతుందని అనుకొందము. 20 కిలోవాట్ల వేడిని మోయడానికి సెకనుకు 600 లీటర్ల గాలి చాలును. 40 కిలోవాట్లకు 1,200 లీటర్లు, 75 కిలోవాట్లకు 2,200 లీటర్లు కావలసి ఉంటుంది.

ఈ అంకెలు నిత్యవ్యవహారములో ఏమి చెబుతున్నవి? 3 టన్నుల పికప్పు, 15 అడుగుల దూరానికి ఒక అడుగు లేచే దారిలో గంటకు 20 కిలోమీటర్ల వేగముతో ఎక్కుతున్నది. దానికి కావలసిన పని, రాపిడులు కలుపుకొని, నీటికి దిగే వేడిని 20 కిలోవాట్లు అనుకోవచ్చును. అదే దారిలో 40 కిలోమీటర్ల వేగముతో ఎక్కితే వేడి దాదాపు 40 కిలోవాట్లు అవుతుంది. రేడియేటరు ముఖము 60 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు గలది అనుకొందము. మొదటి సందర్భములో గాలి దాని గుండా సెకనుకు 2 మీటర్ల వేగముతో పోతే చాలును. మంచి ఫ్యాను ఆ పని చేయగలదు. రెండవ సందర్భములో 4 మీటర్ల వేగము కావలెను. అది గట్టి ఫ్యానుకు పరీక్ష. ఇంజను తన 100 అశ్వశక్తిని నిండుగా వెలిగ్రక్కితే 7 మీటర్లకు పైబడిన వేగము కావలెను. చదునైన రహదారి మీద బండి పరుగు వలన వచ్చే ఎదురుగాలి ఆ లోటును తీరుస్తుంది. కొండమలుపులలో ఆ సహాయము ఉండదు. కాబట్టి రేడియేటరును ఎంచుకొనేటప్పుడు కొలమానముగా పెట్టుకోవలసినది ఇంజను మీద చెక్కిన అశ్వశక్తి కాదు. బరువుతో, నిదానముగా, ఎదురుగాలి లేకుండా ఎక్కేటప్పుడు ఆగకుండా పుట్టే వేడి. ఆ వేడిని ఫ్యాను ఒక్కటే వదిలించగలగవలెను.

దీనికి తోడు మన ఎండలను లెక్కలోకి తీసుకోవలెను. రేడియేటరు వదిలే వేడి, నీటికి గాలికి నడుమ గల ఉష్ణోగ్రతల భేదాన్ని అనుసరించి ఉంటుంది. నీరు 95 డిగ్రీలు, పుష్యమాసపు ఉదయము గాలి 20 డిగ్రీలు అయితే భేదము 75. అదే నీరు, మే నెల మధ్యాహ్నము 42 డిగ్రీల ఎండలో అయితే భేదము 53 మాత్రమే. రేడియేటరు శక్తిలో దాదాపు మూడు పాళ్లలో ఒక పాలు ఋతువు తీసుకొనిపోయినది! సంక్రాంతికి కొండ ఎక్కి వచ్చిన బండి రోహిణీ కార్తెలో మొరాయించినదంటే ఆశ్చర్యము లేదు. చల్లని దేశాల కొరకు తయారైన రేడియేటరు పట్టికలోని శక్తిని చూచి కొనేవారు, ఆ శక్తిని ఏ గాలి ఉష్ణోగ్రత వద్ద కొలిచినారో అడగవలెను.

ఇక ఎంపిక దగ్గరకు వత్తము. మొదట చూడవలసినది ముఖవైశాల్యము. బానెట్టు లోపల, ముందు జాలికి ఫ్యానుకు నడుమ ఉన్న స్థలాన్ని జాగ్రత్తగా కొలిచి, పొడవు వెడల్పులలో పట్టినంత పెద్ద రేడియేటరును ఎంచుకోవలెను. మందము తరువాతి మాట. కోర్ అని పిలిచే మధ్యభాగములో గొట్టాలు వరుసలుగా ఉంటాయి. మొదటి వరుసకు చల్లని గాలి తగులుతుంది. మూడవ వరుసకు, నాలుగవ వరుసకు చేరేసరికి ఆ గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. పైగా మందపు కోర్ గాలికి అడ్డు నిలుస్తుంది. అందుచేత నాలుగు వరుసల ఇరుకైన రేడియేటరు కంటె రెండు మూడు వరుసల వెడల్పైన రేడియేటరు తరచుగా మేలు. స్థలము లేక మందము పెంచక తప్పనప్పుడు ఫ్యాను బలాన్ని కూడ పెంచవలెను.

గొట్టాల నడుమ మడతలుగా అమర్చిన పలుచని రేకులను ఫిన్నులు అంటారు. ఇవి ఎంత దట్టముగా ఉంటే గాలి తాకే వైశాల్యము అంత పెరుగుతుంది. శుభ్రమైన రహదారులలో ఇది నిజమే. కాని మన దారులలో దుమ్ము, వరి పొట్టు, పంటల కాలములో పురుగులు, గోగునార మోసే చోట్ల దాని పీచు, ఇవన్నీ ఆ సందులలో చేరి గాలిదారిని మూసివేస్తాయి. కాబట్టి మరీ దట్టమైన ఫిన్నులకు ఆశపడక, నీళ్లు చిమ్మి సులభముగా కడుగగలిగిన మధ్యరకము ఎంచుకొనుట వివేకము. కడిగేటప్పుడు ఇంజను వైపు నుంచి ముందుకు, మృదువైన ధారతో కడగవలెను. గట్టి ధార పలుచని రేకులను వంచివేస్తుంది.

ఫ్యాను విషయములో జరిగే లోపము చాల సాధారణమైనది. 60, 50 సెంటీమీటర్ల కొలతలు గల రేడియేటరు వైశాల్యము 3,000 చదరపు సెంటీమీటర్లు. దాని వెనుక తిరిగే ఫ్యాను వ్యాసము 45 సెంటీమీటర్లు అయితే, అది చుట్టే వలయపు వైశాల్యము సుమారు 1,590 చదరపు సెంటీమీటర్లు. అంటే రేడియేటరులో సగానికి కొంచెము మించి మాత్రమే ఫ్యాను ఎదుట ఉన్నది. మిగిలిన భాగానికి గాలి సరిగా అందదు. అంతేకాక ఫ్యాను వెనుకకు తోసిన వేడిగాలి అంచుల నుంచి తిరిగి ముందుకు వస్తుంది. దీనికి మందు చౌకైనదే. రేడియేటరు నాలుగు అంచులనుంచి ఫ్యాను చుట్టూ వరకు రేకుతో ఒక గూడు కట్టించవలెను. మెకానిక్కులు దీనిని ఫ్యాను కవరు అంటారు. ఫ్యాను రెక్కలు ఆ గూటి అంచులో సగము లోపల, సగము బయట ఉండేటట్లు అమర్చితే గాలి రేడియేటరు మొత్తము నుంచి లాగబడుతుంది. కొత్త రేడియేటరు కొనేముందు ఈ గూడు ఉన్నదా లేదా అని చూచుకొనడము ప్రథమ కర్తవ్యము.

ఫ్యానును పుల్లీ మార్చి వేగముగా తిప్పవచ్చునని కొందరి ఆలోచన. వేగము రెట్టింపు అయితే గాలి రెట్టింపు అవుతుంది గాని, ఫ్యాను తినే శక్తి ఎనిమిది రెట్లు పెరుగుతుంది. దానికంటె వెడల్పైన, ఎక్కువ రెక్కలు గల ఫ్యాను మేలు. విద్యుత్ ఫ్యాన్లు అమర్చుకొనేవారు బండి విద్యుత్ శక్తిని ముందుగా చూచుకోవలెను. 1950వ దశాబ్దపు నడిమి వరకు వచ్చిన అనేక అమెరికను బండ్లకు 6 వోల్టుల డైనమోయే ఉన్నది. దానిని 12 వోల్టులకు మార్చి, తగిన ఆల్టర్నేటరు పెట్టనిదే బలమైన విద్యుత్ ఫ్యాను నడవదు.

రాగియా, అల్యూమినియమా అన్న వాదము ఇప్పుడు తరచుగా వినబడుతున్నది. లోహముగా చూస్తే రాగి, అల్యూమినియము కంటె ఒకటిన్నర రెట్లకు పైగా వేడిని బాగుగా ప్రసరింపజేస్తుంది. అయితే పాత రేడియేటర్లలో ఫిన్నులే రాగివి, గొట్టాలు ఇత్తడివి, వాటిని సీసము, తగరము కలిసిన టంకముతో అతికిస్తారు. ఇత్తడి, టంకము రాగి వలె వేడిని పంపవు. అల్యూమినియము రేడియేటర్లలో గొట్టము, ఫిన్ను ఒకే లోహముతో కరిగించి అతికినవి. గొట్టాలు వెడల్పుగా ఉంటాయి గనుక రెండు వరుసలే నాలుగు సన్నని వరుసల పని చేయగలవు. బరువు కూడ చాల తక్కువ. ఇది అల్యూమినియము పక్షము. ఇక రాగి పక్షము మాట. రాగి, ఇత్తడి రేడియేటరు కారినప్పుడు టంకము పెట్టి అతికే పనివాడు సాలూరులోనే గాక చిన్న ఊళ్లలో కూడ దొరకవచ్చును. అల్యూమినియము చిల్లుపడితే ఆర్గాన్ వెల్డింగు తెలిసినవాడిని వెదకవలెను. ఉప్పు కలిసిన నీరు పోసినా, బండి ఎర్తు తీగ సరిగా లేక విద్యుత్తు రేడియేటరు గుండా ప్రవహించినా అల్యూమినియము త్వరగా తినబడుతుంది. కాబట్టి దూరపు కొండదారులలో సరుకు మోసే బండికి మంచి రాగి, ఇత్తడి రేడియేటరు నమ్మదగినది. స్థలము తక్కువ, శక్తి ఎక్కువ అయి, చలువ ద్రవాన్ని క్రమము తప్పక మార్చే యజమాని ఉంటే అల్యూమినియము తగును.

రేడియేటరు మూతకు కూడ శాస్త్రము ఉన్నది. నీరు సముద్రమట్టాన 100 డిగ్రీల వద్ద మరుగుతుందని చదువుకొన్నాము. ఎత్తు పెరిగిన కొలది గాలి ఒత్తిడి తగ్గి, కొరాపుట్ ఎత్తున సుమారు 97 డిగ్రీలకే మరుగుతుంది. స్ప్రింగు మూత లోపలి ఒత్తిడిని నిలిపి ఈ మరుగుస్థానాన్ని పెంచుతుంది. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి నిలిపే మూత ఉంటే సముద్రమట్టాన మరుగుస్థానము 111 డిగ్రీల ప్రాంతానికి, 15 పౌండ్ల మూత ఉంటే సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది. అయితే పాత రేడియేటర్లు తక్కువ ఒత్తిడికి చేసినవి. వాటికి గట్టి మూత బిగిస్తే అతుకులు విడిపోవచ్చును. కొత్త రేడియేటరును ఏ ఒత్తిడికి పరీక్షించినారో తెలుసుకొని, అందుకు తగిన మూతనే వాడవలెను. మూత వేడిని తగ్గించదు. మరగడాన్ని ఆలస్యము చేస్తుంది.

థర్మోస్టాటును తీసివేస్తే బండి చల్లగా నడుస్తుందని మన ప్రాంతములో చాలమంది నమ్మకము. ఈ చిన్న కవాటము నీరు 82 డిగ్రీల ప్రాంతానికి వచ్చినప్పుడు తెరుచుకొని రేడియేటరుకు దారి ఇస్తుంది. చెడిపోయి మూసుకొనిపోయిన దానిని తీసి కొత్తది వేయవలెను. అసలే లేకుండా చేస్తే కొన్ని ఇంజనులలో నీరు రేడియేటరుకు పోక అడ్డదారిన తిరిగి ఇంజనులోకే వస్తుంది. వేడి తగ్గడానికి బదులు పెరుగుతుంది. చలికాలములో ఇంజను తగిన వేడికి చేరక ఇంధనము వృథా అవుతుంది. నీరు మరీ వేగముగా పోతే వేడి వదలదనే మాట కూడ నిజము కాదు. నీటి ప్రవాహము చురుకుగా ఉండడము మేలే.

పోసే నీటిని గూర్చి ఒక మాట. తీరప్రాంతపు ఉప్పునీటి బావులు, సున్నము ఎక్కువైన బోర్ల నీరు రేడియేటరుకు పనికిరావు. అవి గొట్టాల లోపల పొక్కు కడతాయి. ఆ పొక్కు వేడిని ఇత్తడి వలె పంపదు. ఒక దుప్పటి కప్పినట్లు అడ్డుకొంటుంది. శుద్ధి చేసిన డిస్టిల్డ్ నీటిలో తయారీదారు చెప్పిన పాళ్లలో కూలెంటు కలిపి పోయవలెను. కూలెంటు మన ప్రాంతములో గడ్డకట్టకుండా ఉండడానికి కాదు. లోహానికి తుప్పు పట్టకుండా, మరుగుస్థానము కొంత పెరిగేటట్లు ఉపకరిస్తుంది. అవసరానికి మించి కలిపితే నీరు వేడిని మోసే శక్తి తగ్గుతుంది.

ఇన్ని చెప్పిన తరువాత మరొక హెచ్చరిక అవసరము. బండి వేడెక్కినప్పుడల్లా తప్పు రేడియేటరుదే అని తీర్పు చెప్పకూడదు. ఫ్యాను బెల్టు వదులైనదా, వాటర్ పంపు రెక్కలు తినిపోయినవా, కింది రబ్బరు పైపు మెత్తబడి పీల్చుకొనిపోతున్నదా, బ్రేకులు పట్టుకొన్నవా, పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ ఆలస్యముగా పడుతున్నదా అని చూడవలెను. రేడియేటరు మూత తీసి, చల్లని ఇంజనును ఆరంభించినప్పుడు నీటిలో ఎడతెగని బుడగలు వస్తే గ్యాస్కెట్టు కాలినదని అనుమానించవలెను. అట్టి ఇంజనుకు ఎంత గొప్ప రేడియేటరు తగిలించినా ప్రయోజనము ఉండదు.

నడిపే చేతికి కూడ ఇందులో భాగము ఉన్నది. ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులో ఇంజనును ఈడ్చకుండా కింది గేరుకు మార్చితే, ఇంజను చురుకుగా తిరిగి ఫ్యానును, పంపును కూడ చురుకుగా తిప్పుతుంది. వేడిగేజీ ముల్లు పైకి పోతుంటే వేగము తగ్గించవలెను. వేగము సగము అయితే వేడి కూడ దాదాపు సగము అవుతుంది. అప్పటికీ తగ్గకపోతే విశాలమైన చోట బండిని ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, నీరు ఇంకా మరగనప్పుడు ఇంజనును కొద్దిసేపు నిదానముగా తిరగనీయవలెను. ఆవిరి చిమ్ముతుంటే, లేక నీరు కారిపోయి ఉంటే ఇంజనును ఆపివేయవలెను. మూతను మాత్రము తాకకూడదు. లోపల 110 డిగ్రీల నీరు ఒత్తిడి వలన నీరుగా ఉన్నది. మూత వదులైన క్షణములో దానిలో కొంత భాగము ఆవిరిగా మారి మీదికి ఎగజిమ్ముతుంది. కనీసము అరగంట ఆగి, పై పైపు చేతికి తాకదగినంత చల్లబడిన తరువాత, మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పవలెను. వేడి ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్లు పోస్తే ఇనుము పగులుతుంది. కొద్దికొద్దిగానే పోయవలెను.

కొత్త రేడియేటరు అమర్చిన తరువాత దానిని చలికాలములో బజారు వీధులలో తిప్పి చూచి తృప్తిపడకూడదు. ఎండకాలపు ఒక మధ్యాహ్నము, మామూలుగా మోసే బరువుతో, సాలూరు నుంచి పైకి నిదానముగా ఎక్కించి, ఒక్కొక్క మలుపు వద్ద గేజీని చూచి రాసుకోవలెను. ముల్లు 95 డిగ్రీల దగ్గర నిలిచి, అక్కడి నుంచి కదలకపోతే ఎంపిక సరి అయినట్లే. మలుపు మలుపుకూ పైకి జరుగుతూ పోతే ఆ బండి ఇంకా గాలిని అడుగుతున్నదని అర్థము. అప్పుడు ముందుగా చూడవలసినది రేడియేటరులో పట్టే నీటిని కాదు. దాని ముఖవైశాల్యాన్ని, ఫ్యానును, ఫ్యాను చుట్టూ ఉన్న గూటిని.